నక్షత్రం పని అయిపోయిందట!

ఆఫీసు యంత్రాల మీద కరెంటు పొదుపు ముద్ర వేయడం, అందుకోసం దేశాలు కూర్చుని ఒప్పందాలు రాసుకోవడం గడిచిపోయిన ముచ్చట అన్న మాట ఇప్పుడు బాగా చెలామణిలో ఉంది. ఇంధన పొదుపు సదస్సుల్లో మాట్లాడేవారు, ఐటీ కొనుగోళ్ళు చూసేవారు, విధానాల మీద వ్యాసాలు రాసేవారు దాదాపు ఒకే పాట పాడుతున్నారు. బరువైన గాజు మానిటర్లు పోయాయి, వాటితోపాటే వాటి కరెంటు ఖర్చూ పోయింది. డెస్క్‌టాప్ చోట ల్యాప్‌టాప్ వచ్చింది. ఇక ప్రింటరు మీద ఎనర్జీ స్టార్ నీలం నక్షత్రం ఉంటే ఎంత, లేకపోతే ఎంత? అంతగా కావాలంటే ఏ దేశానికి ఆ దేశం చట్టం చేసుకుంటుంది. అమెరికాతో కుదుర్చుకున్న ఎనర్జీ స్టార్ ఒప్పందం గడువు 2018 ఫిబ్రవరి 20న తీరితే యూరోపియన్ యూనియన్ దాన్ని మళ్ళీ రాసుకోలేదు. మిన్ను విరిగి మీద పడిందా?

వినడానికి బాగుంది. ఇందులో కొన్ని ముక్కలు విడివిడిగా నిజం కూడా. అన్నీ కలిపి చెప్పిన తీర్పు మాత్రం తప్పు. తప్పు ఎక్కడ మొదలైందంటే, ఆ సహకారం మొత్తాన్ని ఒక స్టిక్కరుగా చూడటం దగ్గర.

మీ ల్యాప్‌టాప్ అడాప్టర్‌ను ఒకసారి తిరగేసి చూడండి. చీమతలకాయంత అక్షరాల మధ్య రోమన్ అంకెల్లో ఐదో ఆరో కనిపిస్తుంది. గోడ నుంచి తీసుకున్న కరెంటులో ఎంత భాగం యంత్రానికి చేరుస్తుంది, ఏమీ తగిలించకుండా ఊరికే ప్లగ్గులో ఉంటే ఎంత తాగుతుంది అన్న రెండు లెక్కలు చూసి ఆ అడాప్టరుకు ఇచ్చిన తరగతి అది. 2000ల మధ్యలో అమెరికా, చైనా, ఆస్ట్రేలియా, యూరప్ సంస్థలు, వాటితో సమానంగా కాలిఫోర్నియా రాష్ట్రం ఒకే పరీక్ష పద్ధతికి ఒప్పుకోవడం వల్ల ఆ అంకె పుట్టింది. చైనా ఆ పంక్తిలో కూర్చోకపోతే ఆ కాగితానికి విలువే ఉండేది కాదు, ఎందుకంటే ప్రపంచానికి అడాప్టర్లు చేసిపెట్టేది ఎక్కువగా అక్కడే. అడాప్టర్లకు ఎనర్జీ స్టార్ ముద్ర 2005 జనవరిలో మొదలై 2010 చివర్లో మూతపడింది. ఆ స్థాయి చట్టంలోకి ఎక్కింది కాబట్టి మూతపడింది. అమెరికాలో 2016 ఫిబ్రవరి 10 నుంచి ఆరో తరగతి తప్పనిసరి అయింది. 2020 ఏప్రిల్ నుంచి యూరప్ కూడా దాదాపు అదే గీత గీసింది. ఒకప్పటి అడాప్టర్లు ఇటుకలా బరువుగా ఉండి, ఏ పనీ చేయకపోయినా చేతికి వెచ్చగా తగిలేవి. ఇప్పటివి ఖాళీగా ఉన్నప్పుడు వాట్‌లో పదో వంతు, ఐదో వంతు దగ్గర ఆగుతున్నాయి. పని పూర్తయి ముద్ర రిటైరవడం అంటే ఇదీ. ముద్ర పోయింది, కొలత మిగిలింది, చట్టం అందుకుంది. 2018లో యూరప్‌లో జరిగిన కథ వేరు.

ముందు, సాంకేతికత తనంతట తానే మారిందన్న వాదన సంగతి చూద్దాం. అన్నిటికంటే గట్టిగా వినిపించేది ఇదే.

అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ ఈపీఏ 1992లో ఎనర్జీ స్టార్‌ను మొదలుపెట్టినప్పుడు తొలి వస్తువులు కంప్యూటర్లు, మానిటర్లే. మరుసటి ఏడాది ప్రింటర్లు చేరాయి. అప్పటి షరతు చాలా చిన్నది: ఎవరూ వాడనప్పుడు యంత్రం తనంతట తాను కునుకులోకి జారాలి, ఆ కునుకులో 30 వాట్లు దాటకూడదు. ఆ కునుకు విద్య ఎవరికీ తెలియనిది కాదు. బ్యాటరీ మీద బతికే ల్యాప్‌టాప్‌లలో అప్పటికే ఉంది, బ్యాటరీ అయిపోతే కొన్నవాడు తిడతాడు కనుక. గోడ ప్లగ్గు మీద బతికే డెస్క్‌టాప్‌లో పెట్టలేదు, అక్కడ తిట్టేవాడు లేడు కనుక. సాంకేతికత తనంతట తాను నడిచేదే అయితే ఆ విద్య ఒక బల్ల మీద నుంచి పక్క బల్ల మీదికి రావడానికి ఏ అడ్డు ఉంది?

తిట్టేవాడు ఎందుకు లేడో చెప్పడానికి ఏ ఆఫీసయినా సరిపోతుంది. జిరాక్స్ మెషిన్ కొనేది స్టోర్స్ సెక్షన్. కొటేషన్లు పిలిచి తక్కువ ధరకు ఇచ్చినవాడికి ఆర్డరు ఇస్తారు. కరెంటు బిల్లు కట్టేది అకౌంట్స్. బిల్లు భవనం మొత్తానికీ ఒక్కటే వస్తుంది, అందులో ఏసీ ఎంత, లిఫ్టు ఎంత, జిరాక్స్ ఎంత అన్నది దేవుడికే తెలియాలి. వాడే గుమస్తాకు ధర తెలియదు, బిల్లూ తెలియదు. ఈ ముగ్గురిలో ఏ ఒక్కరికీ మెషిన్ రాత్రి ఎంత తాగుతోందో తెలుసుకోవలసిన అవసరం పడదు. అవసరం లేనిచోట గిరాకీ ఉండదు, గిరాకీ లేనిదాన్ని మార్కెట్ తయారు చేయదు.

రాత్రి సంగతి చిన్నదేం కాదు. ఏడాదికి 8,760 గంటలు. ఏడాదికి మూడొందల రోజులు, రోజుకు పది గంటలు తెరిచి ఉండే ఆఫీసు పెట్టుకున్నా 3,000 గంటలే అవుతుంది. మిగతా 5,760 గంటలు ప్రింటరు చీకట్లో కూర్చుని ఉంటుంది. తెరిచిన వేళల్లో కూడా అది కాగితం లాగేది కాసేపే. పనిలేకుండా 10 వాట్లు తాగే యంత్రం ఏడాది పొడవునా ప్లగ్గులో ఉంటే 87.6 యూనిట్లు కాలుస్తుంది. అదే ఒక్క వాట్ అయితే 8.76. మన వాతావరణంలో దీనికి ఇంకో పద్దు కలుస్తుంది. యంత్రం తాగిన కరెంటంతా వేడిగా గదిలోకి వస్తుంది, ఆ వేడిని ఏసీ బయటికి తోయాలి. కరెంటు పోయినప్పుడు అదే భారం యూపీఎస్ బ్యాటరీ మీద పడుతుంది. విజయవాడలో మే నెలలో ఆఫీసు నడిపేవారికి ఇది వేరే చెప్పనక్కర్లేదు.

ఈ ముడిని విప్పింది స్టిక్కరు ఒక్కటే అనడం లేదు. విప్పింది స్టిక్కరును పట్టుకున్న కొనుగోలు ఆర్డరు. అమెరికా ఫెడరల్ ఆఫీసులు ఎనర్జీ స్టార్ ఉన్న కంప్యూటర్లు, మానిటర్లు, ప్రింటర్లే కొనాలని 1993 ఏప్రిల్‌లో అధ్యక్షుడు క్లింటన్ 12845వ కార్యనిర్వాహక ఉత్తర్వు ఇచ్చారు. అంత పెద్ద ఖాతాదారును పోగొట్టుకునే కంపెనీ ఉండదు. ప్రభుత్వానికి ఒక రకం, మిగతావారికి ఇంకో రకం చేయాలంటే రెండు లైన్లు నడపాలి, ఆ ఖర్చు పొదుపు చిప్పు ఖర్చు కంటే ఎక్కువ. దాంతో అందరికీ ఒకే సరుకు తయారైంది. వాషింగ్టన్‌లో పెట్టిన షరతు ఫలం ఆ షరతు పేరు కూడా వినని గుంటూరు డీటీపీ సెంటరుకు అందింది. యూరప్ కూడా 2008 నాటి తన నిబంధనలో కేంద్ర ప్రభుత్వ సంస్థల పెద్ద కొనుగోళ్ళకు ఎనర్జీ స్టార్ స్థాయికి తగ్గకూడదని రాసుకుంది. ఇద్దరు పెద్ద కొనుగోలుదారులు ఒకే గీత చూపించినప్పుడు కర్మాగారం మారే వేగం వేరు.

గాజు మానిటర్లు పోవడం వల్లే అంతా జరిగిందనేవారు కంప్యూటర్ డబ్బా వెనక ఉండే పవర్ సప్లై గురించి మాట్లాడరు. కొనేవాడి కంటికి ఎన్నడూ ఆనని భాగం అది. తీసుకున్న కరెంటులో పావు వంతు నుంచి మూడో వంతు దాకా ఫ్యాను గుండా వేడిగాలిగా వదిలేసే రకాలు ఏళ్ళ తరబడి మామూలుగా అమ్ముడయ్యాయి. 2007 జూలై 20న అమలులోకి వచ్చిన ఎనర్జీ స్టార్ నాలుగో వెర్షన్, 20 శాతం భారం మీదా, 50 మీదా, 100 మీదా కనీసం 80 శాతం సామర్థ్యం చూపాలంది. కంప్యూటర్ అరగంట ఖాళీగా ఉంటే నిద్రపోయేలా, తెర పావుగంటకే ఆరిపోయేలా కర్మాగారంలోనే సెట్ చేసి పంపాలని కూడా ఆ వెర్షనే అంది. ఈ రెండో షరతు మీద చాలామంది నవ్వుకున్నారు, ఎలాగూ ఐటీవాళ్ళు తీసేస్తారుగా అని. కొందరు తీసేశారు కూడా. కానీ సెట్టింగుల జోలికి పోని కోట్ల మంది దాన్ని అలాగే వదిలేశారు. మనిషి బద్ధకం మీద కట్టిన విధానం కనుకనే పనిచేసింది.

ఇక, ఎవరి లేబుల్ వారికి ఉంటే తప్పేమిటి అన్నది రెండో మాట. మెట్రిక్ తూనికలు రాకముందు మన దగ్గర మానిక అంటే ఊరికో కొలత. ఒక ఊరి మానిక నిండితే పక్క ఊళ్ళో తరిగేది, లాభం మధ్యలో కొలిచేవాడికి. ఆఫీసు యంత్రాల విషయంలో యూరప్ 2000కు ముందు సరిగ్గా ఆ స్థితిలోనే ఉంది. జర్మనీకి 1978 నుంచీ ఉన్న బ్లూ ఏంజెల్, స్విట్జర్లాండ్‌కు ఎనర్జీ 2000, కొన్ని దేశాల సంస్థలు కలిసి నడిపిన జీఈఈఏ, స్వీడన్‌లో టీసీఓ. (టీసీఓ ఆఫీసు ఉద్యోగుల కార్మిక సమాఖ్య. మానిటర్ ముందు రోజంతా కూర్చునేవాళ్ళే దాని కొలత రాశారు, అందుకని దాని మీద నాకు ప్రత్యేకమైన అభిమానం.) ఒక్కో ముద్రకు ఒక్కో పరీక్ష, ఒక్కో అర్జీ, ఒక్కో ఫీజు. పెద్ద కంపెనీ భరిస్తుంది, చిన్నది వదిలేస్తుంది, కొనేవాడికి ఏది మేలో పోల్చుకోవడానికి దారి ఉండదు. 1995లో జపాన్ అమెరికాతో చేతులు కలిపింది. 2000 డిసెంబరులో యూరోపియన్ యూనియన్ కూడా వచ్చి చేరింది ఈ గందరగోళం భరించలేకే.

దేశాల పరిస్థితులు వేరు కదా అంటారు. వేరే. ఆ తేడాలన్నిటికీ కొలతలోనే చోటు పెట్టారు. లేజర్ ప్రింటర్లకు, కాపియర్లకు 2007 ఏప్రిల్ నుంచి వచ్చిన పద్ధతి చూడండి. యంత్రం ఒక వారంలో ఎన్ని యూనిట్లు కాలుస్తుందో లెక్కకడతారు. ఐదు పనిదినాలు, రెండు సెలవులు. రోజుకు ఎన్ని ప్రింటు పనులు ఇవ్వాలన్నది యంత్రం వేగాన్ని బట్టి ఉంటుంది, ఎనిమిదికి తగ్గవు, ముప్పై రెండుకు మించవు. పనికీ పనికీ మధ్య కునుకు, రాత్రి నిద్ర, పొద్దున్నే మేలుకోవడానికి పట్టే కరెంటు అన్నీ లెక్కలోకి వస్తాయి. ఉత్తర అమెరికాలో అమ్మేదాన్ని 115 వోల్టుల మీద, యూరప్‌లో 230 మీద, జపాన్‌లో 100 మీద పరీక్షిస్తారు. ఇన్నిటికీ చివర్లో ఒకే అంకె: వారానికి ఇన్ని యూనిట్లు. అందులో మన పరిస్థితికి సరిపడనిదేమిటో చెప్పండి. మనదీ 230 వోల్టులే, మన కాగితమూ ఏ-ఫోరే.

లేబుల్ అంటేనే మోసం అనేవారి దగ్గర ఒక గట్టి ఆయుధం ఉంది, దాన్ని దాచాల్సిన పని లేదు. అమెరికా ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం గాలిలోంచి పుట్టించిన కంపెనీల పేర్లతో 20 బూటకపు వస్తువులకు ఎనర్జీ స్టార్ కోసం అర్జీలు పెట్టి, 2010 మార్చిలో ఫలితం బయటపెట్టింది. పదిహేనింటికి ముద్ర వచ్చేసింది. అందులో పెట్రోలుతో నడిచే అలారం గడియారం ఒకటి. గది గాలిని శుభ్రం చేసే యంత్రమని చెప్పుకున్న ఇంకొకటి, నిజానికి ఈకల దుమ్ముకర్ర గుచ్చిన రూమ్ హీటరు. పరువు పోవడమంటే ఇంకెలా ఉంటుంది? అవి ఆఫీసు యంత్రాలు కావని తప్పించుకోవడం కుదరదు, అందరికీ ఉన్నది అదే గేటు.

కానీ ఆ తర్వాత జరిగినదాన్ని విమర్శకులు చెప్పరు. 2011 నుంచి కంపెనీ సొంత మాట చెల్లదనీ, గుర్తింపు పొందిన ప్రయోగశాలలో పరీక్షించి, మూడో పక్షం ధ్రువీకరించాకే ముద్ర అనీ ఈపీఏ మార్చింది. యూరప్ మాత్రం కంపెనీ సొంత ప్రకటన పద్ధతినే ఉంచుకుంది. అంతవరకూ ఒకచోట నమోదైతే రెండోచోటా చెల్లేది, ఆ పరస్పర గుర్తింపు దీంతో తెగిపోయింది. ఆ తర్వాత అమెరికా, యూరప్ రాసుకున్న మూడో ఒప్పందంలో రెండు వేర్వేరు రిజిస్టర్లు పెట్టుకున్నారు. కొలత ఒకటే, తనిఖీ రెండు రకాలు. అప్పటికే కలిసి ఉండటంలో సగం ప్రయోజనం పోయింది. 2018 నాటికి మిగిలిన సగాన్ని కాపాడుకోవాలన్న పట్టుదల ఎవరికీ కనిపించలేదు. సహకారం అక్కర్లేదని తేలడం వల్ల ఆ ఒప్పందం ఆగిందనుకోవడం నా లెక్కన తలకిందుల చదువు. సహకారాన్ని తనిఖీ గుమ్మం దగ్గరే ఆపేయడం వల్ల అది బలహీనపడింది.

చట్టం ఉండగా లేబుల్ ఎందుకన్నదానికి వస్తే, ఆ చట్టం ఎక్కడి నుంచి వచ్చిందో అడగాలి. కంప్యూటర్ల మీద యూరప్ 2013లో చేసిన 617వ నిబంధనను తెరిచి చూస్తే డెస్క్‌టాపులను తరగతులుగా విడదీసిన తీరు, ఏడాది వాడకం లెక్కకట్టే తీరు, అరగంటకు నిద్రపోవాలన్న షరతు ఎనర్జీ స్టార్ నుంచి వచ్చినవేనని పోల్చుకోవచ్చు. ప్రింటర్ల విషయంలో అసలు చట్టం జోలికే పోలేదు, కంపెనీల స్వచ్ఛంద ఒప్పందంతో సరిపెట్టారు. ఆ ఒప్పందం గీటురాయిగా పెట్టుకున్నది మళ్ళీ ఎనర్జీ స్టార్‌నే. ఇల్లు కట్టుకున్నాక పునాదితో పనేముందని అడిగినట్టుంది. చట్టం నడక మరీ నెమ్మది. ఆ 2013 నిబంధనను మార్చే సమీక్ష ఏళ్ళ తరబడి సాగింది. ఈలోగా ఎనర్జీ స్టార్ కంప్యూటర్ ప్రమాణాలు 2014లో ఆరో వెర్షన్‌కు, 2018లో ఏడుకు, 2020లో ఎనిమిదికి మారాయి. చట్టం అట్టడుగున ఉన్న సరుకును బయటికి నెట్టగలదు. పై వరుసలో ఏముందో కొనేవాడికి చూపించడం దాని పని కాదు. జపాన్ ఈ సంగతి మొదటి నుంచీ గ్రహించింది. 1999లో కంప్యూటర్లకూ కాపియర్లకూ టాప్ రన్నర్ చట్టం తెచ్చినప్పుడు అంతర్జాతీయ ఎనర్జీ స్టార్‌ను వదులుకోలేదు, రెండూ నడిపింది.

ఒక వాట్ కథ కూడా ఇదే చెబుతుంది. ఆపేసిన యంత్రాలు కూడా కరెంటు కారుస్తూ ఉంటాయని లారెన్స్ బర్క్‌లీ ప్రయోగశాలకు చెందిన ఆలన్ మెయర్ లెక్కలు వేసి, ఏ పరికరమైనా ఒక్క వాట్‌కు మించకూడదని 1990ల చివర్లో ప్రతిపాదించాడు. అంతర్జాతీయ ఇంధన సంస్థ 1999లో దాన్ని ఎత్తుకుంది. 2001 జూలైలో అమెరికా అధ్యక్షుడు బుష్ ఫెడరల్ కొనుగోళ్ళకు దాన్ని ఉత్తర్వు చేశాడు. వాతావరణ ఒప్పందాల పేరెత్తితే మొహం చిట్లించిన ఆ బుష్షే. 2008 నుంచి కొరియా ఆ గీత దాటిన పరికరాలకు హెచ్చరిక గుర్తు అంటించడం మొదలెట్టింది. యూరప్ 2010లో ఒక వాట్‌నూ, 2013లో అర వాట్‌నూ చట్టం చేసింది. ఎవరి చట్టం వారిదే, కానీ అందరూ అన్నది ఒకే అంకె, కొలిచింది ఒకే అంతర్జాతీయ పద్ధతితో. తయారీదారుకు వినపడింది అందుకే.

మనవాళ్ళు కొందరు స్వాభిమానం మాట తెస్తారు. అమెరికా ముద్ర మనకెందుకు, కేంద్ర ఇంధన సామర్థ్య సంస్థ బీఈఈ ఇచ్చే నక్షత్రాలు ఉన్నాయిగా అని. బీఈఈ పని తక్కువేం కాదు. 2006లో మొదలైన ఆ లేబుల్ వల్లే ఇవాళ మన ఇళ్ళలో ఏసీ కొనేటప్పుడు నక్షత్రాలు లెక్కపెట్టడం మామూలైంది. కానీ ల్యాప్‌టాపులు, ప్రింటర్లు, కాపియర్ల దగ్గరికి వచ్చేసరికి అది ఐచ్ఛికం, షోరూములో దాని గురించి అడిగేవారే లేరు. ఇక ప్రభుత్వ టెండర్లు తిరగేస్తే డెస్క్‌టాప్ స్పెసిఫికేషన్లలో ఎనర్జీ స్టార్ అన్న మాట తరచుగా తగులుతుంది. అంటే కొలత వాడుకుంటున్నాం, ఆ కొలత రాసే బల్ల దగ్గర మనకు కుర్చీ లేదు. యూరప్ ఒప్పందం ఉన్నన్నాళ్ళూ సాంకేతిక సంఘంలో కూర్చుని ఏ యంత్రానికి ఎంత గీత అన్నది అమెరికాతో కలిసి రాసింది. స్వాభిమానం ఎటువైపు ఉంది? కలిసి రాసినవాడి వైపా, ఒంటరిగా ఉండి పక్కవాడి కొలత అరువు తెచ్చుకునేవాడి వైపా?

ఆఖరుగా, తమ వాదనకు కొత్త బలం దొరికిందని ఈ మధ్య సంబరపడుతున్నారు. ఎనర్జీ స్టార్‌ను ఎత్తివేయాలని ఈపీఏలోనే ఆలోచన జరుగుతోందని 2025 మేలో వార్తలు వచ్చాయి. చూశారా, ఒక దేశాన్ని నమ్ముకుంటే ఇంతే అన్నారు. ఒప్పుకుంటాను, ఒక్క దేశాన్నే నమ్ముకుంటే ఇంతే. ముద్ర మీద హక్కు ఒక సర్కారుది, ఆ సర్కారుకు బుద్ధి పుడితే తుడిచేయగలదు. అంతర్జాతీయ ప్రమాణంగా నమోదైన పరీక్ష పద్ధతిని అలా తుడవలేదు. స్టాండ్‌బై కరెంటుకు ఐఈసీ 62301, కంప్యూటర్లకు ఐఈసీ 62623 ఏ అధ్యక్షుడి సొత్తూ కావు. కొలత ఎంతమంది చేతుల్లో ఉంటే అంత భద్రం. 2018లో యూరప్ చేయి తీసేసింది, మిగిలిన చేతుల మీద భారం పెరిగింది. ఇవాళ ఆ ఖాళీని చూపించి సహకారమే దండగ అనడం, స్తంభం తీసేసి కప్పు ఊగుతోందని తప్పుపట్టడమే.

మన వరకు చూసుకుంటే ఒప్పందాల కోసం ఆగాల్సిన పని కూడా లేదు. ప్రభుత్వం కొనే విద్యుత్ ఉపకరణాలకు నిర్ణీత స్థాయికి తగ్గని నక్షత్రాలు ఉండాలని 2017 నాటి సాధారణ ఆర్థిక నియమాల్లోనే ఉంది. కాపియర్ల దగ్గర ఆ నియమానికి పట్టు దొరకదు, పట్టుకోవడానికి అందరికీ తప్పనిసరి చేసిన అంకె లేదు గనక. టెండరు ఫారంలో యంత్రం ధర పక్కన ఇంకో గడి పెట్టి, వారానికి ఎన్ని యూనిట్లో రాయమనవచ్చు. రెండు కాపియర్లకు వారానికి మూడు యూనిట్ల తేడా ఉందనుకుందాం. ఏడాదికి 156 యూనిట్లు, యూనిట్ ఎనిమిది రూపాయల చొప్పున ఐదేళ్ళకు 6,240 రూపాయలు. అందరికంటే తక్కువ ధర చెప్పిన ఎల్-1 ఎవరో తేల్చేముందు ఆ మొత్తాన్ని ధరకు కలపాలి. అంతర్జాతీయ కంపెనీల దగ్గర ఆ అంకె ఇప్పటికే సిద్ధంగా ఉంది. అమెరికా కోసమో జపాన్ కోసమో కొలిచి పెట్టుకున్నారు, మనం అడగలేదు కనుక చెప్పలేదు.